‘పైనుంచే రావడం లేదండీ’: మన ఇంటి తీగకు పైన ఎవరున్నారు?

మా ఇంట్లో టీవీ పక్కన చిన్న చెక్క అర ఉంది. అక్కడున్న ఇంటర్నెట్ పెట్టె మీద ఒక కంపెనీ పేరు, టీవీ డబ్బా మీద ఇంకొక కంపెనీ పేరు ఉంటాయి. నెలనెలా డబ్బు కట్టాక ఫోనుకు వచ్చే రశీదులో మూడో పేరు కనిపిస్తుంది. ఇంటర్నెట్ వేగం కొలిచే సైటు తెరిస్తే, సేవ ఇస్తున్నది ఫలానా అని నాలుగో పేరు చూపిస్తుంది. డబ్బు పుచ్చుకునేది మాత్రం ఒక్క మనిషే. ఏళ్ల తరబడి ఊళ్లో తీగలు లాగి, తెగినప్పుడు అతికించి, మా అందరి ఇళ్లలో మేడ మీదికి దారి తెలిసిన ఆయనను ఊరంతా కేబులాయన అనే పిలుస్తుంది.

మొన్నటి వానాకాలంలో ఆ పెట్టె మీద ఎర్ర దీపం ఆరు రోజులు వెలుగుతూ ఉండిపోయింది. కేబులాయన వచ్చి చూసి, “మన దగ్గర అంతా బాగానే ఉందండీ, పైనుంచే రావడం లేదు” అన్నారు. రశీదులో ఉన్న నంబరుకు ఫోను చేస్తే మీ ఆపరేటరునే అడగమన్నారు. పెట్టె మీద పేరున్న కంపెనీ వాళ్లు నా పేరే తమ జాబితాలో లేదన్నారు. మా అమ్మాయి ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపడానికి చివరికి అమలాపురం వెళ్లాల్సి వచ్చింది. ఆ ఆరు రోజులూ నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే. ఆ ‘పైన’ అంటే ఎక్కడ?

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ మాట కొత్తది కాదు. శివారు చేనుకు నీరు అందకపోతే మనం వాడే మాటా అదే. కానీ నీటి విషయంలో ‘పైన’ అంటే ఏమిటో మనకు తెలుసు. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ, అక్కడి నుంచి ప్రధాన కాలువ, దాని మీద లాకులు, తరువాత పిల్ల కాలువ, తూము, చివరికి చేనులోకి దిగే బోదె. కాలువగట్టు వెంట నడుస్తూ వెళితే నీరు ఎక్కడ ఆగిందో రైతు చూసి చెప్పగలడు. కాలువ నీటిని చూసుకునే లస్కరు ఎవరో, ఎవరి దగ్గర అర్జీ పెట్టాలో అతనికి తెలుసు. ఇంటర్నెట్ తీగ కూడా అచ్చంగా అలాగే పైనుంచి కిందికి చీలుకుంటూ వస్తుంది. తేడా ఏమిటంటే, కాలువకు మొదటి నుంచి చివరిదాకా ఒకే శాఖ ఉంది. తీగకు మాత్రం ప్రతి మలుపులోనూ యజమాని మారతాడు. ఆ మలుపులు తెలియకపోవడం వల్లే మనం ఆరు రోజులు తప్పు తలుపులు తడుతూ ఉంటాం.

ఫోను పటం వేరు, జిల్లా పటం వేరు

మొదటి తీగ ప్రభుత్వానిది. టెలిఫోను అంటే టెలికాం శాఖే అన్న కాలం 2000 అక్టోబరు 1 వరకు నడిచింది. ఆ రోజున ఆ శాఖ సేవల విభాగం బీఎస్ఎన్ఎల్ అనే కంపెనీ అయింది. డెల్టాను అప్పటికే రెండు ముక్కలుగా చూసేవారు. తూర్పు గోదావరికి రాజమండ్రి కేంద్రం, పశ్చిమ గోదావరికి ఏలూరు కేంద్రం. టెలికాం భాషలో ఇలాంటి ముక్కను సెకండరీ స్విచింగ్ ఏరియా అంటారు. ఒక పెద్ద ఎక్స్ఛేంజీ కింద చిన్న ఎక్స్ఛేంజీలన్నీ వచ్చి కలిసే ప్రాంతం అని అర్థం చేసుకుంటే చాలు. రాజమండ్రికి 0883, కాకినాడకు 0884, అమలాపురానికి 08856, భీమవరానికి 08816, తణుకుకు 08819 అని మనం కంఠతా పట్టిన కోడ్లు ఈ అమరిక నుంచి పుట్టినవే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కోనసీమ వేరు జిల్లా అయింది, భీమవరం జిల్లా కేంద్రమైంది, గోదావరికి అవతలి గట్టున ఉన్న కొవ్వూరు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలో కలిసింది. టెలికాం పటం మాత్రం పాత గీతల మీదే ఉంది. కొవ్వూరు కోడు ఈనాటికీ 08813, ఎదుటి గట్టున రాజమండ్రిది 0883. పుదుచ్చేరికి చెందిన యానాం ఫోను కోడు కాకినాడదే. రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయినా, టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఒకే సర్కిల్. ఇది కాగితం మీది సంగతిగా కనిపించవచ్చు. కానీ మీ ఊళ్లో ఎవరు ఇంటర్నెట్ అమ్మవచ్చు, ఎవరు అమ్మకూడదు అన్నది ఈ గీతలే నిర్ణయిస్తాయి. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

పాత రాగి తీగకు ఒక గొప్ప గుణం ఉండేది. ఫోను నడవడానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచే, ఆ తీగలోనే, 48 వోల్టుల చొప్పున వచ్చేది. ఊరంతా చీకటిగా ఉన్నా ఫోను పలికేది. తీగ తెగకపోతే చాలు. 1984లో ఏర్పడిన సీడాట్ సంస్థ తయారు చేసిన చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీలు దుమ్మును, ఎండను తట్టుకుని, ఏసీ గది లేకుండానే నడిచాయి. పల్లెకు ఫోను రావడంలో వాటి పాత్ర చాలా పెద్దది. ఆ రోజుల్లో ఎక్స్ఛేంజీ ముందు దరఖాస్తు పెట్టి ఏళ్లు ఎదురుచూసిన కుటుంబాలు డెల్టాలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

అదే రాగి తీగ మీద 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అప్పుడు శివారు బాధ మొదలైంది. మాటకు దూరం పెద్ద అడ్డంకి కాదు గాని, డేటాకు అవుతుంది. ఎక్స్ఛేంజీ నుంచి మూడు కిలోమీటర్లు దాటేసరికి వేగం పడిపోతుంది, ఐదు దాటితే దాదాపు నిలిచిపోతుంది. ఎక్స్ఛేంజీ ఉన్న సెంటరులో బాగా వచ్చేది, లంకల్లోకి, ఏటిగట్టు అవతలికి వెళితే పేరుకే ఉండేది. ఆ ఖాళీలోకే కేబులాయన తీగ చొరబడింది.

డిష్షు నుంచి డబ్బా దాకా

1990ల మొదట్లో శాటిలైటు చానళ్లు వచ్చినప్పుడు ఎవరి అనుమతీ లేకుండానే కేబుల్ వ్యాపారం పుట్టింది. ఒక డిష్షు, నాలుగు రిసీవర్లు, కొబ్బరి చెట్ల మీదుగా లాగిన నల్ల తీగ ఉంటే చాలు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక తెలుగు ఇల్లు ఆ తీగకు కట్టుబడిపోయింది. అదే ఏడాది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం వచ్చి, ఆపరేటరు తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకోవాలని చెప్పింది. ఏడాదికి 500 రూపాయల రుసుము. ముప్పై ఏళ్ల పాటు కేబులాయన చట్టబద్ధతకు ఉన్న ఆధారం ఆ పోస్టాఫీసు కాగితమే. 2025 జనవరి నుంచి ఆ నమోదు కేంద్ర సమాచార ప్రసార శాఖ పోర్టల్‌కు మారింది. ఐదేళ్ల కాలానికి 5 వేల రూపాయలు.

కేబుల్ గొలుసులో మూడు మెట్లు ఉంటాయి. చానల్ తయారు చేసి పంపే ప్రసార సంస్థ అన్నిటికన్నా పైన ఉంటుంది. చానళ్లన్నిటినీ ఒక చోట దించి, మూట కట్టి, తాళం వేసి పంపే ఎంఎస్ఓ నడిమి మెట్టు. అది నడిపే కేంద్రాన్నే హెడ్‌ఎండ్ అంటారు. ఆ మూటను వీధుల్లో పంచే లోకల్ కేబుల్ ఆపరేటరు, అంటే మన కేబులాయన, చివరి మెట్టు. 2011లో చట్టం సవరించి డిజిటల్ పద్ధతిని తప్పనిసరి చేశాక తాళం చెవి ఎంఎస్ఓ చేతికి వెళ్లింది. ఇంట్లో ఉన్న డబ్బా ఆ తాళానికి కట్టిన చెవి. అందుకే ఎంఎస్ఓను మార్చితే డబ్బా కూడా మార్చాల్సి వస్తుంది. కొత్త కంపెనీ తాళం పాత డబ్బాతో తెరుచుకోదు.

బిల్లు లెక్క ఇక్కడే విప్పి చూడాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విధానంలో, తీగ వాడుకున్నందుకు 100 చానళ్ల దాకా గరిష్ఠంగా 130 రూపాయలు అన్నారు. 18 శాతం పన్ను కలిపితే 153 రూపాయల 40 పైసలు. వేరే ఒప్పందం లేకపోతే ఆ 130లో 55 శాతం ఎంఎస్ఓకు, 45 శాతం కేబులాయనకు. అంటే మా ఇంటి మీద ఆయనకు 58 రూపాయల 50 పైసలు. డబ్బు కట్టి చూసే చానళ్ల సంగతి ఇంకా కఠినం. ఒక చానల్ ధర 10 రూపాయలు అనుకుందాం. పంపిణీ చేసినందుకు ప్రసార సంస్థ ఇవ్వాల్సిన కనీస వాటా 20 శాతం, అంటే 2 రూపాయలు. అందులో 45 శాతం, అంటే 90 పైసలు, కేబులాయనకు చేరతాయి. మనం బేరమాడేది ఆ మనిషితోనే, తిట్టేదీ ఆ మనిషినే, కానీ 10 రూపాయల్లో ఆయన చేతికి చిక్కేది రూపాయి కూడా కాదు. 2024లో ట్రాయ్ ఆ 130 రూపాయల పరిమితిని తీసేసింది. ఇప్పుడు తీగ రుసుము కంపెనీలే నిర్ణయించుకోవచ్చు.

ఈ లెక్క చూశాక కేబులాయనలు ఇంటర్నెట్ వైపు ఎందుకు మళ్లారో వేరే చెప్పనక్కర లేదు. టీవీ మీద మిగిలేది తక్కువ. ఫోనులోనే సినిమాలు చూసే పిల్లలు టీవీ కనెక్షను వద్దంటున్నారు. ఎలాగూ స్తంభాల మీద దారి ఉంది, ఇళ్లతో పరిచయం ఉంది. నల్ల తీగ పక్కనే సన్నని గాజు తీగ లాగితే, అదే ఇంటి నుంచి నెలకు ఇంకో మూడు నాలుగు వందలు వస్తాయి.

ఇంటర్నెట్ అమ్మే హక్కు ఎవరిది?

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. టీవీ తీగకు పోస్టాఫీసు నమోదు సరిపోయింది. ఇంటర్నెట్ అమ్మడానికి అది చాలదు, టెలికాం శాఖ లైసెన్సు కావాలి. ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ వ్యాపారం తెరిచినది 1998లో. లైసెన్సులు మూడు రకాలు. ‘ఏ’ రకం దేశమంతా, ‘బీ’ రకం ఒక టెలికాం సర్కిల్ అంతా, ‘సీ’ రకం ఒక సెకండరీ స్విచింగ్ ఏరియా. మొదట చెప్పిన ఆ పాత గీతలు మళ్లీ వచ్చాయి. 2013 నాటి యూనిఫైడ్ లైసెన్సు పద్ధతిలో ప్రవేశ రుసుము ‘ఏ’కు 30 లక్షలు, ‘బీ’కి 2 లక్షలు, ‘సీ’కి 20 వేలు. అంటే ఏలూరు పరిధికి ‘సీ’ లైసెన్సు తీసుకున్న చిన్న సంస్థ పాలకొల్లులో, భీమవరంలో ఇంటర్నెట్ ఇవ్వవచ్చు. గోదావరి పాయ మీది చించినాడ వంతెన దాటి కోనసీమలోకి రాకూడదు, ఎందుకంటే అది రాజమండ్రి పరిధి. వంతెనకు ఇటు అటు ఉన్న రెండు ఊళ్లలో ఇంటర్నెట్ కంపెనీల పేర్లు వేరుగా కనిపించడానికి ఇదొక కారణం.

మరి మా కేబులాయనకు ఏ లైసెన్సు ఉంది? చాలామందికి సొంత లైసెన్సు ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదు. లైసెన్సు ఉన్న సంస్థకు ఆయన ఫ్రాంచైజీ. ఒకే కేబులాయన ఒకేసారి మూడు పాత్రల్లో ఉండవచ్చు. టీవీకి ఎంఎస్ఓ కింద ఆపరేటరు. ఇంటర్నెట్‌కు ఒక ప్రైవేటు సంస్థ ఫ్రాంచైజీ. వీధి చివర కొన్ని ఇళ్లకు బీఎస్ఎన్ఎల్ ఫైబర్ భాగస్వామి, ఎందుకంటే బీఎస్ఎన్ఎల్ కూడా ఇంటి దాకా తీగ లాగే పనిని స్థానిక భాగస్వాములకు ఆదాయంలో వాటా ఇచ్చి అప్పగిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్ కూడా చివరి గజాలకు ఆయన మీదే ఆధారపడింది. తీగలన్నీ ఒకే మనిషివి అయినప్పుడు మనం వాటిని ఒకటే అనుకుంటాం. చట్టం దృష్టిలో అవి వేర్వేరు ఒప్పందాలు.

అందుకని మన హక్కుకు కీలకం ఒక్కటే. కనెక్షను తీసుకున్న రోజున ఆధార్ నకలు ఇచ్చి, ఎవరి దరఖాస్తు మీద సంతకం పెట్టాం? ఆ లైసెన్సుదారే మనకు జవాబుదారీ. పెట్టె మీద ఉన్న పేరు పెట్టెను తయారు చేసిన వాళ్లది కావచ్చు, లేదా పాత కంపెనీ వదిలి వెళ్లినదీ కావచ్చు. వేగం సైటులో కనిపించే పేరు, మన కనెక్షనుకు ఇచ్చిన ఐపీ చిరునామాల యజమానిది. సొంతంగా చిరునామాలు లేని చిన్న సంస్థ తనకు పైనుంచి బ్యాండ్‌విడ్త్ అమ్మే పెద్ద సంస్థ చిరునామాలనే వాడుకుంటుంది. మా అర మీది నాలుగు పేర్ల ముడి ఇలా విడిపోయింది. రశీదులో ఉన్నది ఫ్రాంచైజీ ఇచ్చిన సంస్థ, సైటులో ఉన్నది దానికి పై సంస్థ, టీవీ డబ్బా మీద ఉన్నది ఎంఎస్ఓ, ఇంటర్నెట్ పెట్టె మీద ఉన్నది తయారీదారు. నేను ఫిర్యాదు చేయవలసింది రశీదులో ఉన్న సంస్థకు. ఆ ఆరు రోజుల్లో ఎక్కువ సేపు నేను వాదించింది పెట్టె తయారీదారుతో.

గాజు తీగలో వంతులు

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు. దానిలో నడిచేది కరెంటు కాదు, కాంతి. టౌనులోనో పెద్ద ఊరి సెంటరులోనో ఒక గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో ద్వారం నుంచి ఒక గాజు పోగు బయలుదేరి, స్తంభం మీది చిన్న పెట్టెలో ఎనిమిదిగానో పదహారుగానో చీలి, మళ్లీ ఇంకో చోట చీలి, ఇళ్లకు వెళ్తుంది. చీల్చే ఆ స్ప్లిట్టరుకు కరెంటు అక్కర లేదు. పాత నల్ల తీగకు కొన్ని వందల గజాలకు ఒక ఆంప్లిఫయర్ ఉండేది, ఆ స్తంభం దగ్గర కరెంటు పోతే కింది వీధులన్నిటికీ బొమ్మ పోయేది. గాజు తీగకు ఆ బాధ తగ్గింది. కానీ మన ఇంట్లోని పెట్టెకు మాత్రం కరెంటు కావాలి. రాగి తీగలో ఫోను చీకట్లోనూ పలికింది, ఫైబర్ ఫోను పలకదు. తుపాను వచ్చే నెలల్లో ఈ పెట్టెకు చిన్న బ్యాటరీ తగిలించుకోవడం చాలా అవసరమని నా అభిప్రాయం.

ఒక్కో చీలికలో కాంతి తగ్గుతుంది. రెండుగా చీలితే సగం, ముప్పై రెండుగా చీలితే ముప్పై రెండో వంతు కన్నా కొంచెం తక్కువ. దూరం వల్ల కొంత, జాయింటు సరిగా పడకపోతే ఇంకొంత పోతుంది. ఇంటి దగ్గరికి చేరే కాంతిని కొలిచి కేబులాయన చెప్పే అంకె, డీబీఎం అనే కొలతలో, మైనస్ ఇరవై, మైనస్ ఇరవై రెండు అన్నట్టు ఉంటుంది. మైనస్ పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. మైనస్ ఇరవై చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ ఇరవై ఏడు దగ్గరికి దిగితే పెట్టె ఇక పట్టుకోలేదు, ఎర్ర దీపం వెలుగుతుంది. కొబ్బరి మట్ట పడి తీగ వంగినా, గోడ మూలన మేకు దగ్గర బిగించి కట్టినా, కాంతి వంపులో జారిపోతుంది. తీగ తెగనక్కర లేదు. వానలో వచ్చి ఎండలో పోయే జబ్బుకు సాధారణంగా కారణం నీరు పట్టిన జాయింటు పెట్టెనో, స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే డ్రాప్ వైరు వంగడమో.

వేగం సంగతి చేలకు నీటి వంతుల లాంటిది. బాగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఒక పోగు మోసేది సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు. దాన్ని 32 ఇళ్లు పంచుకుంటే, అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి 78 వస్తాయి. 64 ఇళ్లయితే 39. అందరూ ఒకేసారి లాగరు కనుక వంద మెగాబిట్ల ప్లాను అమ్మడం మోసమేమీ కాదు. అసలు ఇరుకు చాలాసార్లు ఈ పోగులో ఉండదు, ఇంకా పైన ఉంటుంది. ఒక చిన్న సంస్థకు 500 ఇళ్లు ఉన్నాయి, ఒక్కొక్కరికి 100 మెగాబిట్లు అమ్మింది, తాను మాత్రం పైనుంచి 1,000 మెగాబిట్లే కొన్నది అనుకోండి. పగలు బాగా నడుస్తుంది. రాత్రి ఎనిమిదికి అందరూ సినిమా పెట్టగానే కాలువ అడుగంటుతుంది. ప్రతి రోజూ ఒకే వేళకు వేగం పడిపోయి, అర్ధరాత్రి దాటాక తిరిగి వస్తే, లోపం మీ ఇంటి తీగలో లేదు. పైన కొన్న నీరు చాలడం లేదు.

ఇంకో చిత్రమైన లక్షణం ఉంది. వీడియోలు చక్కగా నడుస్తూ, బ్యాంకు సైటో పరీక్ష సైటో తెరుచుకోదు. పెద్ద వీడియో సంస్థలు తమ నిల్వ యంత్రాలను ఇంటర్నెట్ సంస్థల దగ్గరే, దగ్గరి నగరాల్లో పెడతాయి. వీడియో అక్కడి నుంచే వస్తుంది. మిగిలినవి విజయవాడ, హైదరాబాద్, చెన్నై దారి పట్టి వెళ్లాలి. విదేశాల నుంచి వచ్చే సముద్రపు తీగలు మన దేశంలో ప్రధానంగా ముంబయిలో, చెన్నైలో గట్టెక్కుతాయి. వీడియో వస్తోంది కాబట్టి లైను బాగుందని వాదించే వారికి ఈ ముక్క చెప్పాలి.

స్తంభాలు, వంతెనలు, ఏరు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడుతుంది. కోనసీమకు ఏ తీగ రావాలన్నా ఏదో ఒక పాయను దాటాలి. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే దాటించిన అక్విడక్టు ఉంది. తీగలకు ఆ దారి వంతెనలే. రాజోలు వైపు దీవికి చించినాడ, బోడసకుర్రు, పి.గన్నవరం దారులు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి నేటికీ పంటు మీదే దాటాలి. దారులు ఇంత తక్కువ కనుక, ఒకే వంతెన మీది తీగను నమ్ముకున్న సంస్థకు అక్కడ తెగితే దీవి అంతా చీకటే. రెండు దారుల నుంచి తెచ్చి వలయంగా కలిపిన సంస్థకు ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడుస్తుంది. కనెక్షను తీసుకునే ముందు ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే అని నేను గట్టిగా చెబుతాను. మీకు టౌను నుంచి ఒకే దారా, రెండా?

ఊరి లోపల దారి కరెంటు స్తంభాలు. డెల్టాలో అవి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవి. తీగ కట్టుకున్నందుకు ఆ సంస్థకు అద్దె కట్టాలి, అనుమతి ఉండాలి. ఏ తీగ ఎవరిదో తెలియకుండా ఒక్కో స్తంభానికి పది కట్టలు వేలాడడం, ఎవరూ వాడని పాత తీగలను ఎవరూ విప్పకపోవడం, స్తంభం మార్చే రోజున అన్నీ కలిపి కోసేయడం మన వీధుల్లో రోజూ చూస్తున్నదే. ఇందులో తప్పు లైన్‌మ్యాన్‌ది కాదు. తీగ మీద యజమాని పేరు చీటీ లేకపోవడం తప్పు.

ఈ స్తంభాల మీదే రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్‌ను నిలబెట్టింది. నేల తవ్వకుండా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో ఇంటింటికీ ఈ కనెక్షను ఇచ్చి ప్రారంభించారు. శివారు దీవిలోని ఒక పల్లె రాష్ట్రానికి ముందు వరుసలో నిలవడం మా ప్రాంతానికి గర్వకారణమైన రోజు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే 15 మెగాబిట్ల దాకా ఇంటర్నెట్, 250 చానళ్లు, ఫోను అన్నారు. ఆ ధర ఎక్కువ కాలం నిలవలేదు. నేల తవ్వకపోవడం వల్ల ఖర్చు, కాలం కలిసి వచ్చాయి. గాలివాన వచ్చినప్పుడు స్తంభంతో పాటు తీగా పడిపోవడం దానికి చెల్లించే మూల్యం. కేంద్రం తరఫున 2011లో మంజూరై, తరువాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం పంచాయతీ దాకా తీగ తెస్తుంది. దానికి డబ్బు టెలికాం కంపెనీల నుంచే వస్తుంది. అవి తమ ఆదాయంలో 8 శాతాన్ని లైసెన్సు రుసుముగా కడతాయి. ఆ ఎనిమిది పాళ్లలో ఐదు పాళ్లు పల్లెల కోసం ఉంచిన నిధికి వెళ్తాయి. పంచాయతీ ఆఫీసు నుంచి మన ఇంటి దాకా ఉన్న దూరం మాత్రం మళ్లీ కేబులాయనదే.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటలను నేలకు వాల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటి రాత్రుల్లో గాలిలో వచ్చే సిగ్నలు మేలు కదా అనిపిస్తుంది. మొబైల్ టవరు కూడా వెనక ఒక ఫైబర్ మీదో మైక్రోవేవ్ లింకు మీదో ఆధారపడిందే. దానికీ బ్యాటరీ కొన్ని గంటలే. పెద్ద కంపెనీలు ఇప్పుడు 5జీ సిగ్నలుతో ఇంటికి ఇచ్చే ఇంటర్నెట్‌కు ఇంటి ముందు తీగ ఉండదు గాని, టవరు వెనక ఉంటుంది. తుపాను వేళల్లో టెలికాం శాఖ అనుమతిస్తే ఒక కంపెనీ సిమ్ముతో ఇంకో కంపెనీ టవరును వాడుకోవచ్చు. ఆ సంగతి ముందే తెలిసి, ఫోనులో నెట్‌వర్కును చేత్తో ఎంచుకోవడం నేర్చుకుని ఉంటే చాలా ఇళ్లకు ఉపయోగం. 2022 మేలో అమలాపురంలో అల్లర్ల తరువాత కోనసీమలో కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నలు వెతుక్కుంటూ గౌతమి దాటి యానాం వైపు వెళ్లారు. ఒక కొత్త తరం జీతమంతా ఆ సిగ్నలు మీదే నడుస్తోందని ఆ రోజుల్లో మా ఊళ్లో పెద్దవాళ్లకు కూడా అర్థమైంది.

‘పైన’ను పట్టుకోవడం

ఎర్ర దీపం వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు పక్కింటిని అడగాలి. వాళ్లకు వస్తుంటే లోపం మీ డ్రాప్ వైరులో, కేబులాయన పని. వీధి మొత్తానికి పోతే స్ప్లిట్టరు దగ్గర, అదీ ఆయన పనే. ఊరంతటికీ పోతే ఓఎల్‌టీ దగ్గర, లేదా టౌను నుంచి వచ్చే తీగలో, అది సంస్థ పని. ఎర్ర దీపం లేకుండా, లాగిన్ కాక ఆగిపోతే తీగలో లోపం లేదు. సంస్థ ఖాతాల్లో మీ పేరు ఆగి ఉంటుంది. కట్టిన డబ్బు ఫ్రాంచైజీ నుంచి సంస్థకు చేరకపోవడం వల్ల ఇలా తరచూ జరుగుతుంది. రశీదు ఫోనులో రావాలని పట్టుపట్టడానికి కారణం అదే.

ఫిర్యాదును నోటితో కాకుండా సంస్థ నంబరుకు చేసి, ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేకపోతే లోపం ఎన్ని రోజులు ఉందో రుజువు చేయలేము. ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లో, మూడు రోజులు దాటినా బాగు చేయని లోపానికి అద్దెలో తగ్గింపు ఉంది. నేను ఆ ఆరు రోజులూ అందరితోనూ నోటిమాటగానే వాదించాను. ఒక్క డాకెట్ నంబరూ లేదు, కనుక ఒక్క రూపాయీ తిరిగి రాలేదు. సంస్థ వినకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. టీవీ సంగతి అయితే ఫిర్యాదు ఎంఎస్ఓకు. ఇంకొకటి. ల్యాండ్‌లైను నంబరును మొబైల్ నంబరు లాగా వేరే కంపెనీకి మార్చుకునే వీలు మన దేశంలో లేదు. ఇరవై ఏళ్ల నంబరు ఉన్న దుకాణదారు, వైద్యుడు కంపెనీ మార్చే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పోయిన నెల మళ్లీ ఎర్ర దీపం వెలిగింది. పక్కింట్లో ఇంటర్నెట్ లేదు, ఎదురింట్లో లేదు, రామాలయం వీధిలోనూ లేదు. సంస్థకు ఫోను చేసి డాకెట్ నంబరు రాసుకున్నాను. కేబులాయన వచ్చి, “పైనుంచే రావడం లేదండీ” అన్నారు.

“పైన అంటే ఎక్కడ బాబూ? మన ఓఎల్‌టీ దగ్గరా, టౌను నుంచి వచ్చే తీగలోనా?” అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, ఎవరికో ఫోను చేశారు. “ఓఎల్‌టీ వెలుగుతోందండీ. లాకుల దగ్గర రోడ్డు పనిలో మిషను తగిలి తీగ తెగిందట. జాయింటు వేసేవాళ్లు అక్కడే ఉన్నారు, రాత్రి ఎనిమిదికి వస్తుందంటున్నారు.”

ఎనిమిదీ ఇరవైకి పచ్చ దీపం వెలిగింది.